బ్యూఫోర్ట్ డచెస్ మొక్కల పుస్తకాలు: 12 సంపుటాల వెనక కథ

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో వైద్యుడు, సేకరణకర్త హాన్స్ స్లోన్ పేరిట 265 సంపుటాల ఎండుమొక్కల సేకరణ ఉంది. అందులో 131 నుంచి 142 వరకు ఉన్న 12 సంపుటాలు స్లోన్ కూర్చినవి కావు. అవి బ్యూఫోర్ట్ డచెస్ మేరీ సోమర్‌సెట్‌వి. 1715లో ఆమె చనిపోయాక, వీలునామా ప్రకారం స్లోన్‌కు చేరాయి. దొరసాని కాలక్షేపమని చాలాకాలం వాటిని తేలిగ్గా తీసుకున్నారు. ఆమె పని చేసిన తీరు చూస్తే ఆ మాట నిలవదు.

మేరీ 1630లో కాపెల్ వంశంలో పుట్టింది. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో రాజు పక్షాన నిలిచినందుకు తండ్రి తల 1649లో తీశారు. తోటల పిచ్చి ఆ ఇంట్లోనే ఉంది. తమ్ముడు హెన్రీ లండన్ దగ్గరి క్యూ అనే ఊళ్లో పేరున్న తోట వేశాడు. అక్కచెల్లెళ్లిద్దరినీ పీటర్ లీలీ గీసిన చిత్రంలో చెల్లెలు ఎలిజబెత్ తాను వేసిన పువ్వు బొమ్మను చేత్తో పట్టుకుని ఉంటుంది. మేరీ రెండో భర్త హెన్రీ సోమర్‌సెట్ 1682లో డ్యూక్ అయ్యాడు. వాళ్ల ప్రధాన నివాసం గ్లాస్టర్‌షైర్‌లోని బ్యాడ్మింటన్ భవనం (మనం ఆడే ఆటకు పేరొచ్చింది అక్కణ్నుంచే, కాకపోతే చాలా తర్వాత). లండన్‌లో చెల్సీలో మరో ఇల్లు. అక్కడ ఔషధ మొక్కల తోట దగ్గరే, స్లోన్‌తో పరిచయమూ ఉండేది.

వెస్టిండీస్, దక్షిణాఫ్రికా, ఈస్టిండీస్ నుంచి ఆమెకు విత్తనాలు వచ్చేవి. నెలల తరబడి ఓడలో చెమ్మకు, ఉప్పుగాలికి నానిన విత్తనాల్లో చాలావాటికి మొలకశక్తి పోతుంది. మిగిలినవాటికి కింద నుంచి వేడి కావాలి. ఆ రోజుల్లో పచ్చి గుర్రపు పేడను గుట్టగా పోసి, మీద మట్టి పరిచి, కుండీలను అందులో దిగేసేవారు. తొందరపడి మొదట్లోనే దించితే ఆవిరికి వేళ్లు కాలిపోతాయి. ఉడుకు తగ్గేదాకా ఆగాలి. అలాగని మరీ ఆలస్యం చేస్తే కొన్ని వారాల్లోనే వేడి చచ్చిపోతుంది. చలికాలానికి పొయ్యితో వేడెక్కే గది ఉండేది. అక్కడ గాలి ఎండిపోయి ఆకులు రాలడం మామూలే. డాబుకోసం తోట పెంచేవాళ్లయితే వాడిపోయిన మొక్కను పారేసి కొత్తది తెప్పించుకునేవారు. డచెస్ మాత్రం వాటికోసం విడిగా ఒక చిన్న గాజు గది పెట్టి, దానికి ‘ఆసుపత్రి’ అని పేరు పెట్టుకుంది. ఏ విత్తనం ఎక్కణ్నుంచి వచ్చిందో, ఏది మొలిచిందో జాబితాలు రాయించేది. ఆ కాగితాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. తోటలో నిజంగా ఏం జరిగిందో చెప్పేవి అవే కాబట్టి, ఆమె తర్వాత వేయించిన మొక్కల బొమ్మలకంటే వీటికే ఎక్కువ విలువ కట్టాలి.

1700లో వృక్షశాస్త్రవేత్త విలియం షెరార్డ్ ఆమె మనవడికి చదువు చెప్పడానికి వచ్చి కొంతకాలం ఉన్నాడు. ఎండుమొక్కల పని బాగా ఊపందుకున్నది అప్పుడే. పువ్వో కాయో ఉన్న కొమ్మను కాగితాల మధ్య పరిచి బరువు పెట్టాలి. ఒక ఆకునైనా వెనక్కి తిప్పి పెట్టకపోతే ఈనెలు, నూగు తర్వాత కనిపించవు. చెమ్మ పట్టిన కాగితం మార్చకపోతే బూజు పడుతుంది. అతికించడానికి వాడే పిండి జిగురుకు పురుగు చేరుతుంది. సంపుటంగా కుట్టేయడంలో మరో చిక్కుంది: కొత్త మొక్క దొరికితే దాని జాతి పక్కన చేర్చడానికి చోటుండదు.

కొన్ని మొక్కలు అసలు ఈ పద్ధతికి లొంగవు. కలబంద జాతుల ఆకుల్లో నీరు ఎక్కువ, నొక్కినా రోజుల తరబడి చావవు, చివరికి కుళ్లుతాయి. 1699 నాటికే బ్యాడ్మింటన్‌లో పెరిగిన నీలి కృష్ణకమలాన్ని చూడండి. పువ్వు మధ్యలో కేసరాల చుట్టూ ఉండే దారాల వలయం కొసలు నీలం, నడుమ తెలుపు, మొదట్లో ఊదా. విచ్చుకున్న పువ్వు నిలిచేది ఒక్క రోజే. నొక్కి ఎండబెడితే దారాలు ఒకదానికొకటి అంటుకుంటాయి, రంగులు గోధుమలోకి దిగిపోతాయి. ఇలాంటివాటికి బొమ్మ తప్ప దారి లేదు.

అందుకే స్లోన్ జమైకా పుస్తకానికి పనిచేసిన చిత్రకారుడు ఎవరార్డ్ కిక్‌ను ఆమె పిలిపించింది. 1703 నుంచి 1705 వరకు అతను బ్యాడ్మింటన్ మొక్కల బొమ్మలు వేశాడు. ఇంట్లో నౌకరుగా ఉన్న డేనియల్ ఫ్రాంక్‌కమ్ కూడా పని నేర్చుకుని బొమ్మలు వేశాడు. ఆ బొమ్మలు రెండు సంపుటాలయ్యాయి. అయితే బొమ్మతోనే సరిపోదు. చిత్రకారుడు కేసరాలు లెక్క తప్పి వేస్తే సరిచూసుకోవడానికి ఎండు నమూనా కావాలి. పైగా స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో రెండు మాటల పేర్లు స్థిరపరచకముందు ఒక్కో మొక్కకు వాక్యమంత పేరు, అదీ మనిషికొకటి. ఆ పాత పేరు ఏ మొక్కదో ఈనాడు తేల్చాలంటే ఆ ఎండుకొమ్మే ఆధారం.

అదే స్లోన్ సేకరణలో మద్రాసు సెయింట్ జార్జి కోట వైద్యుడు శామ్యూల్ బ్రౌన్ 1690లలో లండన్ మందుల వర్తకుడు, సేకరణకర్త జేమ్స్ పెటివర్‌కు పంపిన మొక్కలూ ఉన్నాయి. బ్రౌన్ మన తీరాన వాటి వాడుక పేర్లు, మందు గుణాలు కూడా అడిగి రాశాడు. చెప్పినవాళ్ల పేర్లు మాత్రం ఏ వృక్షజాతికీ పెట్టలేదు. డచెస్ పేరు నిలిచింది: 1812లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ ఒక ఆస్ట్రేలియా ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) ‘బ్యూఫోర్షియా’ అని పేరు పెట్టాడు.