కమలాపురం కంప నుంచి నేపియర్ గడ్డి దాకా

సీమ బీళ్లలో నేపియర్ అనే మేతగడ్డి పెంచి, దాన్ని పులియబెట్టి, బండ్లకు గ్యాస్ తీస్తామన్న మాట 2024 నుంచి గట్టిగా వినపడుతోంది. ఆ ఏడాది అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానం ప్రకటించింది. మరుసటి నెలలోనే ఇలాంటి గ్యాస్ తీసే 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లకు రిలయన్స్‌తో ఒప్పందం కుదిరింది. పెట్టుబడి 65 వేల కోట్ల రూపాయలన్నారు. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర దివాకరపల్లిలో మొదటి ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. తర్వాతి వరసలో అనంతపురం, కడప పేర్లూ వినిపించాయి.

ఈ ప్రకటనలన్నిటిలోనూ పదే పదే వచ్చే మాట ‘బంజరు’. ఆ మాట వినగానే సీమవాళ్లకు ఒక పాత సంగతి గుర్తుకు రావాలి. చెట్టూ చేమా నుంచి ఇంధనం తీద్దామని, ఖాళీ నేల వెతుక్కుంటూ సర్కారు మా దగ్గరికి రావడం ఇదే మొదటిసారి కాదు. దాదాపు 150 ఏళ్ల కిందటే వచ్చింది, కడప జిల్లా కమలాపురానికి.

1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్, వానలు తక్కువ పడే దక్షిణాది నేలల్లో నాటడానికి ఒక అమెరికా ఖండపు ముళ్లచెట్టు విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. మరుసటి ఏడే కమలాపురంలో ఆ చెట్ల తోట వేశారు. మన దేశంలో ఆ చెట్టు మొదట వేళ్లూనుకున్న చోట్లలో అదొకటి. అదే ఇవాళ మనం సర్కారు తుమ్మ అని, ఊరికే కంప అని పిలిచే చెట్టు. పేరులోనే సర్కారు ఉంది చూడండి, ఎవరు తెచ్చారో ఊరు మరిచిపోలేదు. అది ధాత కరువు కాలం. ఒకపక్క జనం తిండిలేక చచ్చిపోతున్నారు, ఇంకోపక్క అడవులు తరిగిపోతున్నాయి. కడప మీదుగా పోయే మద్రాసు రైల్వేలో ఇంజన్లు కూడా చాలావరకు కట్టెల మీదే నడిచేవి. బీదాబిక్కీకి పొయ్యిలోకి కట్టె కావాలి, గుల్లబారిన నేలకు కాస్త చెట్టునీడ కావాలి. ఆలోచనలో తప్పు లేదు.

తర్వాత ఏం జరిగిందో మేకలను అడగాలి. కంప ఆకును మేక మామూలుగా ముట్టదు. కాయ మాత్రం తియ్యగా ఉంటుంది, ఎండాకాలంలో ఎగబడి తింటుంది. లోపలి గింజకు గట్టి పొర. అరగకుండా పెంటికతో బయటపడి, ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. అలా వంకలు, చెరువు కట్టలు, చెరువు కడుపులు, బీళ్లు కంపతో నిండిపోయాయి. మొదట్లో పశువులు మేసిన బీడు, కంప అల్లుకున్నాక వాటికి అందకుండా పోయింది. నరికితే మోడు నుంచి నాలుగు కొమ్మలు కొత్తగా లేస్తాయి. దాని మీద కోపం ఉన్నవాణ్ణే అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఎన్ని లక్షల పొయ్యిలు ఈ కట్టెతో వెలిగాయో లెక్కలేదు. పంట పోయిన ఏడు కంప కొట్టి, బొగ్గుల బట్టీ పెట్టి బతికిన కుటుంబాలు సీమ జిల్లాల్లో ఉన్నాయి.

ఈ కంపకు రెండో జన్మ 1990ల చివర్లో వచ్చింది. 1997 నవంబరులో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం సంప్రదాయేతర ఇంధనంతో తీసే కరెంటుకు యూనిట్‌కు 2 రూపాయల 25 పైసలు, దాని మీద ఏటా 5 శాతం పెంపు ఇస్తామంటూ ఉత్తర్వు ఇచ్చింది. దాంతో రాష్ట్రమంతా చిన్న చిన్న బయోమాస్ విద్యుత్ కేంద్రాలు లేచాయి, ఎక్కువ భాగం 6 మెగావాట్లవి. వాటి బాయిలర్లలోకి వరి ఊక, వేరుశనగ పొట్టు, కంప కట్టె పోయేవి. లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు కిలోంపావు కట్టె అనుకున్నా, 6 మెగావాట్ల కేంద్రం ఒక్క రోజు పూర్తిగా నడవాలంటే 180 టన్నులు కావాలి. రోజుకు 18 లారీలు. పైగా అంతవరకు ఇటుక బట్టీకి పోయే పొట్టుకు కొత్త గిరాకీ వచ్చి ధర లేచింది. శెనక్కాయలో మూడో వంతుకు కాస్త తక్కువగా పొట్టే ఉంటుంది కాబట్టి కొదవ ఉండదనుకున్నవాళ్లకు, వాన లేని ఏడు శెనక్కాయే ఉండదన్న సంగతి తర్వాత తెలిసొచ్చింది. ఇంతలో 2004లో విద్యుత్ నియంత్రణ మండలి రేట్లు మార్చింది. కేంద్రాలవాళ్లు కోర్టుకెక్కారు, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయి 2010లో తీర్పు వచ్చింది. కట్టె ధర పెరుగుతూ, కరెంటు ధర కోర్టుల్లో నానుతూ ఉంటే ఏ కేంద్రం నిలబడుతుంది?

జట్రోపా (అడవి ఆముదం) ముచ్చట త్వరగా చెప్పేస్తాను, చెప్పుకోడానికి అందులో ఎక్కువ లేదు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ ఒకటి అడవి ఆముదం గింజల నూనెను డీజిల్‌లో కలపాలంది, 2011-12 కల్లా 20 శాతం అంది. మెట్ట నేలలో నీళ్లు లేకుండా పండుతుందన్నారు. చెట్టు నీళ్లు లేకుండా బతికింది నిజమే, కాయ మాత్రం కాయలేదు. ఆకు పశువు తినదు, గింజ విషం, గింజ తీసిన పిండి కూడా మేతకు పనికిరాదు. కానుగ కొంత నయం. పిండి చేనుకు ఎరువవుతుంది, చెట్టు మన నేలదే.

నాకు అన్నిటికంటే దగ్గరిది గోబర్ గ్యాస్. పేడ నుంచి గ్యాస్ తీసే ప్రయోగాలు ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో 1939 నాటికే మొదలయ్యాయి. 1950ల్లో జశ్‌భాయ్ పటేల్ ఇనప డ్రమ్ము తేలే నమూనా తయారుచేశారు, దాన్ని ఖాదీ గ్రామోద్యోగ సంఘం పల్లెలకు చేర్చింది. 1981-82లో జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి పథకం వచ్చింది. 1984లో డ్రమ్ము లేకుండా, నేలలోపలే ఇటుకల గుమ్మటం కట్టే ‘దీనబంధు’ నమూనా వచ్చింది.

మా మేనమామ ఇంటి వెనక డ్రమ్ముదే ఉండేది. పొద్దున్నే మా అత్త పశువులు కట్టేసే గాటిపాటు నుంచి పేడ తెచ్చి తొట్టిలో వేసి, సమానంగా నీళ్లు పోసి, చేత్తో గడ్డిపరకలు ఏరేసి, ఉండలు లేకుండా పిసికి గొట్టంలోకి వదిలేది. రాత్రంతా గ్యాస్ పట్టిన డ్రమ్ము తెల్లారేసరికి మూరెడు పైకి లేచి ఉండేది. సంగటి అయ్యేసరికి మళ్లీ కిందికి దిగేది. చిన్నప్పుడు ఆ డ్రమ్మును చూసి ఇంట్లో ఎన్ని వంటలు మిగిలాయో చెప్పేవాళ్లం. పొగ లేదు, కళ్లమంట లేదు. గ్యాస్ పోయాక అవతలి గుంతలోకి వచ్చే పేడ రొచ్చును, అంటే స్లర్రీని, మామ శెనక్కాయ చేనుకు తోలేవాడు.

అది ఎందుకు ఆగింది? రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పచ్చి పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులు. అంతే కొలత నీళ్లూ కావాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే అనంతపురం లాంటి జిల్లాలో వరసగా రెండేళ్లు కరువొస్తే మొదట ఖాళీ అయ్యేది గడ్డివామి. తర్వాత గాటిపాడు. ఎద్దులు సంతకు పోయాయి, ట్రాక్టరు వచ్చింది. మిగిలిన ఒక్క బర్రె పేడతో డ్రమ్ము లేవలేదు. తుప్పు పట్టి చిల్లు పడ్డాక అతుకు వేసేవాడు దొరకలేదు. కట్టడానికి సబ్సిడీ ఇచ్చిన పథకం, బాగుచేయడానికి మనిషిని ఇవ్వలేదు. చివరికి ఆ గుంతను మట్టితో పూడ్చారు.

ఈ పాత సంగతులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తేటగా కనపడుతుంది. ఆవు కడుపులో జరిగేదే గ్యాస్ ప్లాంటులోనూ జరుగుతుంది. గాలి తగలని చోట సూక్ష్మజీవులు మేతను కుళ్లబెడతాయి, మీథేన్ పుడుతుంది. అందులోంచి బొగ్గుపులుసు వాయువు, కుళ్లు కోడిగుడ్డు వాసన వేసే వాయువు తీసేసి, మీథేన్‌ను 90 శాతం దాటించి, ఒత్తిడితో సిలిండర్లలో నింపితే అదే కంప్రెస్డ్ బయోగ్యాస్. ఆవు నమలలేని కంపకట్టెను, పత్తికట్టెను ఈ ప్లాంటు కూడా సులువుగా అరిగించుకోలేదు. అవి బాయిలర్‌కు పనికొస్తాయి. ప్లాంటుకు కావలసింది లేత పచ్చిమేత. అంటే అది ఆవుతో ఒకే గాడి దగ్గర నిలబడుతుంది. కరువు ఏళ్లలో పశుగ్రాస శిబిరాలు పెట్టి, బయటి నుంచి లారీల్లో వరిగడ్డి తెప్పించుకున్న అనంతపురంలో ఇది చిన్న విషయం కాదు.

నేపియర్ సజ్జకు దగ్గరి చుట్టం, సాగులో ఎక్కువగా ఉండేది ఈ రెండిటి సంకరజాతి. 45 నుంచి 60 రోజులకో కోత ఇస్తుంది, తడి ఉంటే. బోరు కింద చీనీ (బత్తాయి) తోటనే కాపాడుకోలేక ట్యాంకర్లతో నీళ్లు తోలిన రైతు ముందు, ఈ గడ్డికి తడి ఎక్కడిదన్న లెక్కను ప్లాంటు కట్టకముందే పెట్టాలి. కాగితం మీద బంజరుగా రాసిన నేలలో వానాకాలం నాలుగు నెలలు ఎవరి గొర్రెలు మేస్తున్నాయో కూడా ఆ లెక్కలో ఉండాలి. కేంద్రం 2018లో ‘సతత్’ పథకం ప్రకటించినప్పుడు 2023 కల్లా 5,000 ప్లాంట్లన్నారు. గడువు ముగిసేసరికి నడకలోకి వచ్చినవి వందలోపే. సరుకు నిలకడగా దొరక్కపోవడం అందుకు ఒక పెద్ద కారణం.

నిజంగా మిగిలిపోయే పచ్చి సరుకు సీమలో లేకపోలేదు. పులివెందుల, పుట్లూరు, నార్పల వైపు గెల కోశాక అరటి బోదెలు గుట్టలుగా పడి ఉంటాయి. తాడిపత్రి నుంచి 2020లో ముంబై రేవుకు రైలు కట్టి ఎగుమతి చేసేటన్ని అరటికాయలు పండే నేల ఇది. ఒక్కో బోదె నిండా నీళ్లే కాబట్టి పులియడానికి ఆలస్యం ఉండదు, దూరం మోయడమే గిట్టదు. పత్తికొండ మార్కెట్లో ధర పడిన రోజు టమాటా రోడ్డు మీద పారబోస్తారు. ఆ తోటల మధ్య, ఆ మార్కెట్ పక్కన కట్టే చిన్న ప్లాంటు ఆవు నోటికాడి గడ్డిని లాక్కోదు. దాన్నుంచి వచ్చే స్లర్రీ మళ్లీ ఆ అరటి తోటకే పోతుంది, మా మామ శెనక్కాయ చేనుకు తోలినట్టే.