ముద్రించిన కాలేయం కోసం మాత్రలు ఆపకండి

బెంగళూరులో బయోప్రింటర్ (బతికున్న కణాలను పొరలుగా ముద్రించే యంత్రం) ఉన్న ప్రయోగశాలలో పనిచేస్తున్నానని తెలిస్తే చాలు, మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "కాలేయానికి ఎంతవుతుంది మేడమ్?" అనంతపురం, చిత్తూరు, హిందూపురం... బెంగళూరుకు దగ్గరి ఊళ్లన్నిటి నుంచీ ఫోన్లు వస్తాయి. వాట్సాప్‌లో స్కానింగ్ రిపోర్టులు పంపుతారు, వాటి వెనకే ఒక పాత వార్త ఫొటో. ఆ వార్త తేదీ మాత్రం ఎవరూ చూడరు.

అపోహ: బెంగళూరులో కాలేయం ముద్రిస్తున్నారు, కొన్నాళ్లు ఆగితే అమర్చేస్తారు

వార్త పుట్టుక నిజమే. 2015 డిసెంబరులో ఇక్కడి పాండోరం టెక్నాలజీస్ సంస్థ త్రీడీ బయోప్రింటింగ్‌తో కాలేయ కణజాలం తయారుచేశామని ప్రకటించింది. మందులను పరీక్షించేందుకు అది పనికొస్తుందని అప్పుడే చెప్పింది కూడా. ఫార్వర్డ్ చేసేవాళ్లు ఆ వాక్యాన్ని వదిలేసి కాలేయాన్ని మాత్రం ఉంచారు.

మా ప్రయోగశాలలో ముద్రించేది కొన్ని మిల్లీమీటర్ల ముక్క. పెద్దవాళ్ల కాలేయం కిలోన్నర దాకా ఉంటుంది. పెద్ద యంత్రం తెస్తే పెద్ద కాలేయం వస్తుందనుకునేవాళ్లున్నారు. అలా రాదు. జెలటిన్, ఆల్జినేట్ లాంటి జెల్‌లో బతికున్న కణాలు కలిపి, జంతికల గొట్టంలో పిండి ఒత్తినట్టు పొర మీద పొర ఒత్తుతాం. లోపలి కణాలకు ఆక్సిజన్ ఎవరిస్తారు? రక్తనాళానికి 200 మైక్రాన్ల (మిల్లీమీటరులో ఐదో వంతు) కంటే దూరంలో కణాలు నిలవడం కష్టం. కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది, హెపాటిక్ ధమని ఒకటి, పోర్టల్ సిర రెండోది. పైత్యరసం పోయే నాళాల అల్లిక మళ్లీ వేరు. ఇదంతా సన్నని కేశనాళికల దాకా కట్టి, శస్త్రవైద్యుడు కుట్టడానికి వీలుగా ఇచ్చే యంత్రం ఇప్పుడు ఎక్కడా లేదు. 2022లో అమెరికాలో ఒకరికి ముద్రించిన చెవి అమర్చారు కదా అంటారు. అమర్చారు. చెవిలోని మృదులాస్థికి సొంత రక్తనాళాలు ఉండవు, అందుకే అది ముందు సాధ్యమైంది.

ఇంత కోపంగా రాయడానికి కారణం ఉంది. మదనపల్లె వైపు నుంచి ఒకాయన తమ్ముడి ఫైలు పట్టుకుని వచ్చారు. హెపటైటిస్ బి, దానితో కాలేయం గట్టిపడిపోయే సిర్రోసిస్. వైరస్‌ను అణచే టెనోఫోవిర్ మాత్రలు రాసిచ్చి, మార్పిడి కోసం పేరు నమోదు చేయించుకోమని డాక్టరు ఎప్పుడో చెప్పారు. "ఎలాగూ కొత్త కాలేయం వస్తుంది కదమ్మా, ఈ మాత్రలతో కిడ్నీలు పాడుచేసుకోవడం ఎందుకని ఆపించాం" అన్నారాయన. తమ్ముడి భార్య కాలేయంలో భాగం ఇస్తానంటే, మిషన్‌లో తయారవుతుంటే ఆడమనిషికి కోత ఎందుకని ఇంట్లోవాళ్లే వద్దన్నారట. ఆయనను నేను తప్పుపట్టలేను. తమ్ముడు బతకాలన్న ఆశ అది. కోపమల్లా ఆ ఆశకు పాత వార్తను మేతగా వేసినవాళ్ల మీదే.

హెపటైటిస్ బి మాత్రలు వైరస్‌ను శరీరంలోంచి తుడిచిపెట్టవు, అణచి ఉంచుతాయి. సొంతంగా ఆపేస్తే వైరస్ మళ్లీ విజృంభిస్తుంది. సిర్రోసిస్ ఉన్నవారిలో ఆ ఒక్క దెబ్బకే కాలేయం పూర్తిగా చేతులెత్తేయవచ్చు. కిడ్నీల మీద అనుమానం ఉంటే డాక్టరు మందు మారుస్తారు, ఎంటెకావిర్ ఉంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో చికిత్స ఉచితం. మరణానంతర దాతల అవయవాల కోసం ఆంధ్ర, తెలంగాణల్లో జీవన్‌దాన్‌లో, కర్ణాటకలో జీవసార్థకతెలో ఆసుపత్రి ద్వారా నమోదు చేయించుకోవాలి. ఇక భార్య సంగతి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం ఆమె దగ్గరి బంధువే. ఆరోగ్యం అనుకూలిస్తే ఇవ్వవచ్చు, ఇచ్చినవారి కాలేయం మళ్లీ పెరుగుతుంది. ఆ అన్నగారిని అదే రోజు కాలేయ నిపుణుల దగ్గరికి పంపాను. మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. పేరు నమోదైందని తర్వాత ఫోను చేసి చెప్పారు.

మరి ఆ మిల్లీమీటర్ల ముక్కతో మాకేం పని? హెపటైటిస్ బి మామూలు ఎలుకకు సోకదు. మనిషి కాలేయ కణాలను ప్లాస్టిక్ పళ్లెంలో చదునుగా పెంచితే కొద్దిరోజుల్లోనే తమ స్వభావం కోల్పోతాయి. వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే ఎన్‌టీసీపీ అనే ద్వారం కూడా తగ్గిపోతుంది. ఆ ద్వారం ఏమిటో తెలిసిందే 2012లో. తోటి కణాల మధ్య, త్రీడీ జెల్‌లో ఉంచితే కాలేయ కణాలు ఎక్కువ రోజులు కాలేయ కణాల్లాగే ప్రవర్తిస్తాయి. అప్పుడు వైరస్ సోకించి, కొత్త మందు వేసి చూడవచ్చు. రేపటి మాత్ర ఇలాంటి ముక్కలోంచి రావచ్చు. రోగికి మా పని వల్ల ఒరిగేది అదే, అదీ ఆలస్యంగా.

అపోహ: ముద్రించిన ఊపిరితిత్తి మీద చూసి నా టీబీకి ఏ మందో చెప్పగలరు

చెప్పలేం, చెప్పకూడదు కూడా. టీబీ క్రిమి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో మీ కళ్లె నుంచి కొన్ని గంటల్లో తేల్చే ట్రూనాట్, సీబీనాట్ పరీక్షలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉన్నాయి. ట్రూనాట్ వెనక ఉన్న బిగ్‌టెక్ ల్యాబ్స్ ఈ ఊరిదే. మా జెల్ నమూనాలు వేరే ప్రశ్నకు జవాబిస్తాయి. పైరజినమైడ్ అనే టీబీ మందు రోగుల్లో బాగా పనిచేస్తుంది. పళ్లెంలో మాత్రం రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే చాలా ఎక్కువ పోస్తే తప్ప పనిచేసేది కాదు. ఇక్కడి ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) బృందం 2024లో కొల్లాజెన్ జెల్‌లో మనిషి రక్తకణాలకు టీబీ సోకించి చూస్తే, మామూలు మోతాదులోనే పనిచేసింది. అందులో ప్రింటర్ లేదు, జెల్ పోసి చేశారు. యంత్రం ఉంటేనే విజ్ఞానం అనుకునేవాళ్ల కోసం ఈ మాట.

అపోహ: ప్రింటర్‌లో వైరస్‌లు తయారుచేస్తారు

వినీ వినీ విసుగెత్తింది. ముద్రించేది కణాలను. సూక్ష్మక్రిమిని తర్వాత, దాని ప్రమాద స్థాయికి తగిన భద్రత ఉన్న గదిలో కలుపుతారు. టీబీ క్రిమిని పెంచి పని చేయాలంటే మూడో స్థాయి గది కావాలి, అక్కడ గాలి లోపలికే వస్తుంది, వడపోత లేకుండా బయటికి పోదు.

అపోహ: ఇక జంతువుల మీద ప్రయోగాలు ఉండవు

తగ్గుతాయి. అమెరికాలో 2022 డిసెంబరు నాటి చట్టం, మన దేశంలో 2023లో సవరించిన నిబంధనలు జంతువులు లేని పద్ధతులకు తలుపు తెరిచాయి. కానీ ముద్రించిన ముక్కకు జ్వరం రాదు, మూత్రపిండాల్లేవు, రోగనిరోధక వ్యవస్థ మేం కలిపినంతే.

అపోహ: త్రీడీ ప్రింటర్ వాడటం వచ్చినవారికి ఇది సులువు

కోవిడ్ రోజుల్లో ముఖ కవచాలు ముద్రించిన ఇంజనీరింగ్ విద్యార్థులు ఏ బయోప్రింటర్ కొనాలని అడుగుతుంటారు. సూది సన్నబడి ఒత్తిడి పెరిగితే గీత అందంగా వస్తుంది, కణాలు చస్తాయి. ముద్రణ నిమిషాల్లో అయిపోతుంది, ఆ ముక్క పరిణతి చెందడానికి రోజులూ వారాలూ పడతాయి. బ్యాక్టీరియా సోకించే ముందు పోషక ద్రవంలోంచి యాంటీబయాటిక్ తీసేయాలి, తీసేశాక మన చేతి శుభ్రత ఎంతో తెల్లారేసరికి బయటపడుతుంది. కాబట్టి ముందు కణాలు పెంచడం నేర్చుకోండి. మైకోప్లాస్మా (పెంచే కణాల్లో గుట్టుగా చేరే బ్యాక్టీరియా) పరీక్ష దాటని కణాలను మా యంత్రం దగ్గరికే రానివ్వం, ఎవరి సిఫారసు మీద వచ్చినా సరే.