ఎగుమతి రుణాల్లో దేశీయ వాటా: అపోహలు - వాస్తవాలు

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల నుంచి విదేశీ టెండరు కాగితాలతో నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మొదట అడిగేది వడ్డీ ఎంత అని, తరువాత అడిగేది డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందని. దేశీయ వాటా గురించి, అంటే ఎగుమతి రుణంతో నడిచే కాంట్రాక్టులో రుణమిచ్చే దేశపు సరుకులు, సేవలు ఎంత ఉండాలన్న షరతు గురించి, అడిగేవారు అరుదు. ఆ నిబంధన టెండరు పత్రంలో ఎక్కడో నాలుగు పంక్తులుగా ఉంటుంది, చదివినవారు కూడా అది తమకు ఎప్పుడో నెరవేరిందనుకొని పేజీ తిప్పేస్తారు. ఎగుమతిదారుల దస్త్రాలు తయారు చేసే వృత్తిలో ఉన్న నాకు పదేపదే ఎదురైన అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సరుకు మన షెడ్డులో తయారైతే దేశీయ వాటా నిండినట్టే.

వాస్తవం: లెక్క షెడ్డులో తయారైన సరుకు మీద కాదు, మొత్తం కాంట్రాక్టు ధర మీద వేస్తారు. భారత ప్రభుత్వం తరఫున ఎగ్జిమ్ (ఎగుమతి-దిగుమతి) బ్యాంకు ఇతర దేశాలకు ఇచ్చే లైన్ ఆఫ్ క్రెడిట్‌ల (మన సరుకు కొనుక్కోవడానికి ఒక పరిమితి వరకు ఇచ్చే రుణాల) గురించి రిజర్వు బ్యాంకు విడుదల చేస్తూ వచ్చిన సర్క్యులర్లను వరుసగా చదివితే దాదాపు ఒకే వాక్యం కనిపిస్తుంది: కాంట్రాక్టు ధరలో కనీసం 75 శాతం విలువైన సరుకులు, సేవలు, కన్సల్టెన్సీతో సహా, విక్రేత భారతదేశం నుంచి సరఫరా చేయాలి, మిగిలిన 25 శాతాన్ని దేశం వెలుపల కొనుక్కోవచ్చు. యంత్రాలు మాత్రమే పంపే కాంట్రాక్టులో దీనితో పెద్దగా చిక్కు రాదు. విదేశంలో సబ్‌స్టేషనో, నీటి పథకమో కట్టి అప్పగించే కాంట్రాక్టులోనే అసలు చిక్కంతా ఉంది, ఎందుకంటే అక్కడి సిమెంటు, ఇసుక, కంకర, కూలీల ఖర్చు మొత్తం ఆ 25 శాతంలోకే వెళ్తుంది.

ఊహించిన లెక్క ఒకటి చూద్దాం. కాంట్రాక్టు ధర కోటి డాలర్లు. ఇక్కడి నుంచి వెళ్లే ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్‌గేర్, కేబుళ్ల విలువ 60 లక్షలు. డిజైను, మన ఇంజినీర్ల పర్యవేక్షణ 8 లక్షలు. పునాదులు, ప్రహరీ, కంట్రోల్ రూము, ఇనుప స్ట్రక్చర్లు వంటి అక్కడే జరిగే పనులు 24 లక్షలు. ఐరోపా నుంచి నేరుగా తెప్పించే రిలేలు 8 లక్షలు. మన వాటా 68 శాతం దగ్గర ఆగిపోతుంది, మన ట్రాన్స్‌ఫార్మరు ఎంత స్వచ్ఛమైన స్వదేశీ అయినా ఈ అంకె కదలదు. అదే స్ట్రక్చర్లను అక్కడ వెల్డింగ్ చేయించకుండా ఇక్కడే తయారు చేయించి, గాల్వనైజింగ్ పూర్తి చేసి పంపితే 4 లక్షలు ఇటు వస్తాయి. రిలేలలో సగం మన దేశంలోని తయారీదారు దగ్గర తీసుకుంటే మరో 4 లక్షలు వస్తాయి. అప్పుడు మన వాటా 76 శాతానికి చేరి ఒడ్డున పడతాం. అయితే ఈ సర్దుబాటు ధర కోట్ చేయడానికి ముందే జరగాలి, ఎందుకంటే సంతకాలు అయ్యాక ధరల పట్టికలో ఒక్క పంక్తి మార్చాలన్నా అవతలి ప్రభుత్వం ఒప్పుకోవాలి.

ఒక సంస్థ యజమాని సంతకం చేసి వచ్చిన తరువాత నన్ను పిలిచారు. ఆయన ధరల పట్టికలో సివిల్ పనులే 31 శాతం ఉన్నాయి. "సార్, మిషన్లన్నీ మావే కదా, ఇంకేం కావాలండీ?" అన్నారు. సివిల్ పనులు ఎక్కువగా ఉన్న ప్రాజెక్టులకు సడలింపు కోరే వీలుంది కానీ, అది ప్రత్యేక సందర్భాల్లో ఇచ్చే వెసులుబాటే తప్ప హక్కు కాదని చెప్పడానికి నాకు ఆ పూటంతా పట్టింది. ఆ ఉత్తరప్రత్యుత్తరాలు నెలల తరబడి నడిచాయి, ఈలోపు ఆయన తయారు చేసిన సరుకు గోదాములోనే ఉండిపోయింది.

అపోహ: 'మేక్ ఇన్ ఇండియా' ధ్రువపత్రం ఉంటే ఎగుమతి రుణానికీ అదే సరిపోతుంది.

వాస్తవం: ఇవి వేర్వేరు కొలతలు. 2017 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల ఉత్తర్వు మన ప్రభుత్వ శాఖలు, సంస్థలు కొనే సరుకులకు సంబంధించినది. అందులో వస్తువు మొత్తం విలువ నుంచి దిగుమతి భాగాల విలువను, వాటిపై కట్టిన కస్టమ్స్ సుంకంతో సహా, తీసివేసి స్థానిక వాటా లెక్కిస్తారు. 50 శాతం, ఆపైన ఉంటే మొదటి తరగతి సరఫరాదారు, 20కి తగ్గకుండా 50 లోపు ఉంటే రెండో తరగతి. ట్రాన్స్‌ఫార్మరు కోర్‌కు వాడే సీఆర్‌జీఓ అనే ప్రత్యేక రకం ఉక్కు ఎక్కువగా దిగుమతి సరుకే కాబట్టి ఈ లెక్కలో ఆ విలువ తగ్గిపోతుంది. లైన్ ఆఫ్ క్రెడిట్ వాక్యంలో ఉన్నది 'భారతదేశం నుంచి సరఫరా' అన్న మాట. వస్తువులోని ఒక్కో భాగం పుట్టుపూర్వోత్తరాల ప్రస్తావన అందులో లేదు. అలాగని విదేశీ యంత్రాన్ని మన రేవులో దించి, కొత్త పెట్టెలో సర్ది పంపిస్తే అది భారతీయ సరఫరా అవుతుందని ఎవరైనా సలహా ఇస్తే నమ్మవద్దు. దిగుమతి భాగాలు ఎక్కువగా ఉన్న వస్తువు విషయంలో దానిని ఎలా లెక్కిస్తారో టెండరు వేయకముందే బ్యాంకును రాతపూర్వకంగా అడగడం నా అలవాటు. ఫోనులో విన్న జవాబు దస్త్రంలోకి ఎక్కదు.

వస్తువు ఏ దేశంలో పుట్టిందో చెప్పే మూలస్థాన ధ్రువపత్రానిది (సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్) మరో దారి. అది అవతలి దేశపు కస్టమ్స్ అధికారి కోసం. ఆసియాన్ ఒప్పందం కింద సుంకం రాయితీ పొందాలంటే వస్తువు విలువలో 35 శాతం ఒప్పంద దేశాల్లో జోడైనదై ఉండాలి, దానితో పాటు ముడిసరుకు నుంచి వస్తువుగా మారేటప్పుడు టారిఫ్ ఉపశీర్షిక (కస్టమ్స్ వర్గీకరణ కోడ్) కూడా మారాలి. అక్కడ నెగ్గిన కాగితం ఎగుమతి రుణం దగ్గర నెగ్గుతుందన్న భరోసా లేదు.

అపోహ: రూపాయల్లో కొని, జీఎస్టీ బిల్లు తీసుకుంటే అది స్వదేశీ సరుకే.

వాస్తవం: రాణీగంజ్ దుకాణంలో కొన్న బేరింగు పెట్టెను తిప్పి చూడండి, తయారైన దేశం పేరు అట్ట మీదే ఉంటుంది. బిల్లు పన్ను కట్టిన సంగతి చెబుతుంది, వస్తువు ఎక్కడ పుట్టిందో చెప్పదు.

అపోహ: ప్రపంచమంతటా ఇదే 75 శాతం, అంతర్జాతీయ నిబంధనే అలా ఉంది.

వాస్తవం: అలాంటి అంతర్జాతీయ నిబంధన లేదు. ఎగుమతి రుణాలపై 1978 నుంచి అమలులో ఉన్న ఓఈసీడీ (ప్రధానంగా సంపన్న దేశాల కూటమి) ఒడంబడిక కొనుగోలుదారు కనీసం 15 శాతం ముందుగా చెల్లించాలని, రుణం ఎన్నేళ్లలో తీరాలో, కొనుగోలుదారు దేశంలో అయ్యే ఖర్చులకు ఎంతవరకు మద్దతు ఇవ్వవచ్చో చెబుతుంది. రుణమిచ్చే దేశపు సరుకు ఎంత ఉండాలన్నది మాత్రం ఆయా దేశాలకే వదిలేసింది. భారత్ ఆ ఒడంబడికలో భాగస్వామి కాదు. బ్రిటన్ ఎగుమతి రుణ సంస్థ 20 శాతం బ్రిటిష్ వాటాతో సరిపెట్టుకుంటుంది. కెనడా సంస్థ స్థిరమైన శాతం పెట్టుకోకుండా ఆ లావాదేవీ వల్ల తమ దేశానికి మొత్తంగా కలిగే ప్రయోజనం చూస్తుంది. జపాన్ ప్రత్యేక షరతులతో ఇచ్చే 'స్టెప్' యెన్ రుణాల్లో 30 శాతం జపాను సరుకులు, సేవలు ఉండాలి.

అమెరికా ఎగ్జిమ్ బ్యాంకు పద్ధతి వీటన్నిటికంటే భిన్నమైనది, అక్కడి నుంచి యంత్రాలు తెప్పించుకునే మన ఆసుపత్రులు, కర్మాగారాలు తెలుసుకోదగ్గది. మధ్యకాలిక, దీర్ఘకాలిక రుణాల్లో అది కనీస వాటా పెట్టి తలుపు మూసేయకుండా రుణం పరిమాణాన్నే తగ్గిస్తుంది: కాంట్రాక్టు ధరలో 85 శాతం, లేదా అందులోని అమెరికా వాటా మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతే. విదేశీ భాగాలు 10 శాతం ఉన్నా, 15 శాతం ఉన్నా 85 శాతం వరకు మద్దతు వస్తుంది. 25 శాతం ఉంటే మద్దతు 75 శాతానికి దిగిపోతుంది, మిగతాది కొనుగోలుదారు సొంతంగా సమకూర్చుకోవాలి. మన ఆదిభట్లలో తయారై వెళ్లే బోయింగ్ 737 నిలువు తోక భాగాన్ని చూసి మనం గర్వపడతాం, న్యాయమే. అయితే అదే భాగం అమెరికా బ్యాంకు లెక్కలో విదేశీ వాటా కిందికి వస్తుంది. చైనాతో పోటీ పడే కొన్ని రంగాల కోసం 2020 చివరిలో ఆ బ్యాంకు ఈ నియమాన్ని గణనీయంగా సడలించింది.

అపోహ: డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) ఇలాంటి షరతులను ఎప్పుడో కొట్టేసింది.

వాస్తవం: అందరూ గుర్తుచేసే 2016 తీర్పు సౌర ఫలకాల కేసులోది. జాతీయ సౌర మిషన్ కింద కరెంటు అమ్మే సంస్థలు దేశీయ సెల్స్, మాడ్యూళ్లే వాడాలన్న మన నిబంధన చెల్లదని అందులో తేల్చారు. ఎగుమతి రుణాల్లోని దేశీయ వాటా ఆ కేసులో విచారణకు రాలేదు. తమాషా ఏమిటంటే, మిషన్ మొదటి దశలో ఆ నిబంధన స్ఫటిక సిలికాన్ మాడ్యూళ్లకే వర్తించి, థిన్ ఫిల్మ్ (పలుచని పొరతో చేసే) ఫలకాలకు వర్తించలేదు. ఆ సందులోంచి అమెరికా థిన్ ఫిల్మ్ ఫలకాలు అమెరికా ఎగ్జిమ్ బ్యాంకు చౌక రుణాలను వెంటబెట్టుకొని రాజస్థాన్ దాకా వచ్చాయి. ఒక దేశపు వాటా షరతు మరో దేశపు వాటా షరతులోని కన్నం గుండా దూరిన ఉదాహరణ నాకు తెలిసినంతలో ఇంతకంటే స్పష్టమైనది లేదు.

అపోహ: ప్యాకింగ్ క్రెడిట్‌కు కూడా 75 శాతం చూపించాలి.

వాస్తవం: అవసరం లేదు. ప్యాకింగ్ క్రెడిట్ అంటే సరుకు పంపకముందు, దాని తయారీకి బ్యాంకు ఇచ్చే రుణం, దానికి ఆ షరతు లేదు. అడ్వాన్స్ ఆథరైజేషన్ అనే అనుమతి కింద సుంకం లేకుండా ముడిసరుకు తెచ్చుకుంటే సాధారణంగా కనీసం 15 శాతం విలువ జోడింపు చూపించాలి, అది డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్) పరిధిలోని వేరే సంగతి.

అపోహ: ఈ కాగితాలు ఎగుమతి అయ్యాక చూసుకోవచ్చు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. వాటా నిరూపించడానికి కావలసిన సమాచారంలో పెద్ద భాగం మీ దగ్గర ఉండదు, మీకు వాల్వు బాడీలో, ప్యానెళ్లో చేసి ఇచ్చే చిన్న షెడ్డువారి దగ్గర ఉంటుంది. ఏ భాగం ఎక్కడిదో రాసి ఇమ్మంటే వారు వెనకాడతారు, ధర విడదీస్తే తమ లాభం బయటపడుతుందని వారి భయం. బాలానగర్‌లో ఒక పెద్దాయన నాతో, "బాబూ, ఈ కాగితం ఇస్తే వచ్చేసారి మీవాళ్లు నా రేటు కోస్తారు" అన్నారు. ఆయన అనుమానం నిరాధారం కాదు. అందుకే పర్చేజ్ ఆర్డరు ఇచ్చేటప్పుడే అందులో ఒక షరతు చేర్పిస్తాను: ధర విడదీయనక్కరలేదు, దిగుమతి భాగాల పేర్లు, వాటి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి వేళ కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) నంబర్లు, మొత్తం విలువలో వాటి శాతం, ఈ మూడింటిపై సంతకం చేసి సరుకుతో పాటే పంపాలి. ఆ పెద్దాయన ఈ మూడింటికి ఒప్పుకున్నారు. చలాను వెనుక చేతిరాతతో రాసి ఇస్తున్నారు, మా చార్టర్డ్ అకౌంటెంటు వాటిని చూసుకొనే ధ్రువపత్రం తయారు చేస్తున్నారు.