చైనా ఆలోచన గురించి నాకు తరచూ ఎదురయ్యే అపోహలు

"తుపాకీ గొట్టంలోంచే రాజ్యాధికారం వస్తుంది." మావో అన్న ఈ మాట వినని తెలుగువాళ్లు తక్కువ. గోడల మీద చదివాం, మీటింగుల్లో విన్నాం, తిట్టడానికైనా మెచ్చుకోవడానికైనా వాడాం. నేను ఆధునిక చైనా చరిత్ర పాఠాలు చెప్పి బతుకుతాను. పెళ్లి భోజనాల బంతిలో కూర్చున్నా సరే, నా సబ్జెక్ట్ ఏంటో తెలియగానే పక్కాయన నోట మొదట వచ్చేది ఈ వాక్యమే. అందుకే దీంతోనే మొదలుపెడతా.

అపోహ: మావో దృష్టిలో తుపాకీదే పెత్తనం

మనం గోడకెక్కించింది సగమే. 1938 నవంబరులో ఆయన అదే చోట, వెంటనే చెప్పిన రెండో సగం ఇది: పార్టీ చెప్పినట్టు తుపాకీ వినాలి, తుపాకీ చెప్పినట్టు పార్టీ వినే పరిస్థితి ఎప్పటికీ రానివ్వకూడదు. అప్పటి చైనాలో సైన్యం ఎవరి చేతిలో ఉంటే ఆ ఇలాకాకి వాడే రాజు, ఆ రోగం సొంత పార్టీకి కూడా అంటుకుంటుందని మావో భయం, అందుకే దండు తన వెంట ఉంది కదా అని లాంగ్ మార్చ్‌లో (1934-35లో శత్రువు చుట్టుముడితే కమ్యూనిస్టు సేనలు చేసిన సుదీర్ఘ తరలింపులో) పార్టీకి ఎదురుతిరిగిన జాంగ్ గువోతావ్ పేరు కూడా అక్కడే ఎత్తి, ఇలాంటివాడు మళ్లీ మనలో ఉండకూడదు అన్నాడు.

ఇంకో సంగతి. మావో ఆలోచన తెలుగునేల మీదికి 1967లో నక్సల్బరీ తర్వాతే వచ్చిందనుకుంటారు. కానీ తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగా, 1948లోనే, కమ్యూనిస్టు పార్టీ ఆంధ్ర కమిటీ మావో 'నూతన ప్రజాస్వామ్యం' సిద్ధాంతాన్ని చూపించి, మనకూ చైనా దారే సరైందని వాదించింది. అప్పటికి బీజింగ్‌లో ఎర్రజెండా ఇంకా ఎగరలేదు. ఆ మరుసటి ఏడాది పార్టీ ప్రధాన కార్యదర్శి రణదివే ఆ వాదనను, దానితోపాటు మావోను కూడా దుమ్మెత్తిపోశాడు.

అపోహ: కన్ఫ్యూషియస్ తర్వాత మావోనే, మధ్యలో ఎవరూ లేరు

నాకు ఒళ్లు మండేది దీనికే. క్రీస్తుకు పూర్వపు తత్వవేత్త కన్ఫ్యూషియస్‌కీ మావోకీ మధ్యలోనే కదా అసలు కథంతా!

యాన్ ఫూ అని ఒకాయన ఉన్నాడు. నౌకాదళం కుర్రాడు. 1877లో ప్రభుత్వం పంపితే ఇంగ్లండ్ వెళ్లి గ్రీనిచ్‌లో చదువుకుని, రెండేళ్లకు తిరిగొచ్చాడు. వెళ్లింది ఓడల సంగతి నేర్చుకోవడానికి, కానీ బుర్రలో పడ్డ పురుగు వేరే: వీళ్ల బలం ఓడల్లో ఉందా, ఓడల వెనక ఉన్న ఆలోచనలో ఉందా? 1895లో జపాన్ చేతిలో చైనా చిత్తుగా ఓడిపోయాక ఇక ఆగలేక పుస్తకాలు అనువదించడం మొదలుపెట్టాడు. 1898లో హక్స్‌లీ పరిణామవాదం పుస్తకం తెచ్చాడు, అదీ పండితులు తప్ప ఎవరూ చదవలేని ప్రాచీన గ్రాంథికంలో. ఎందుకంటే ఆయనకు కావలసిన పాఠకులు ఆ పండితులే. మధ్యమధ్యలో తన వ్యాఖ్యానం దూర్చి, ఇంకో ఇంగ్లిష్ తత్వవేత్త స్పెన్సర్‌ను అడ్డం పెట్టుకుని మూల రచయితతోనే తగువు పడ్డాడు. ఇప్పటి లెక్కలో దాన్ని అనువాదం అనొచ్చా అంటే నాకు డౌటే. అయినా కుర్రకారు ఎగబడి చదివారు, "తగినదే బతుకుతుంది" అన్న మాట ఎంత పాకిందంటే, తర్వాత వాడుక భాష ఉద్యమానికి పెద్దదిక్కైన హూ షి తన పేరులోని 'షి'ని అందులోంచే తీసుకున్నాడు.

1903లో యాన్ ఫూ ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ జోలికెళ్లాడు, స్వేచ్ఛ మీద రాసిన పుస్తకం. ఇక్కడ ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాడు. స్వేచ్ఛకు చైనీస్‌లో 'జియౌ' అనే పాత మాట ఉంది. కానీ దాని వాసన మంచిది కాదు. ఒక పాత కథాకావ్యంలో అత్తగారు కోడల్ని పంపించెయ్యమని కొడుకును నిలదీస్తూ, "నీ ఇష్టమొచ్చినట్టు నడుచుకుంటానంటే కుదురుతుందా" అంటుంది చూడండి, ఆ 'ఇష్టమొచ్చినట్టు' అన్నచోట ఉన్నది ఈ జియౌ మాటే. మన దగ్గర కూడా స్వేచ్ఛ పక్కనే 'విచ్చలవిడి' కాచుక్కూచుని ఉంటుంది కదా, అలాంటి ఇబ్బందే. ఆయన ఏం చేశాడంటే రెండో అక్షరం తీసేసి, అదే శబ్దం ఉన్న వేరే పాత అక్షరం పెట్టాడు. పుస్తకం పేరు కూడా మార్చి 'సమూహానికీ వ్యక్తికీ మధ్య హక్కుల హద్దు' అన్నాడు. నేను క్లాసులో ఆ రెండు అక్షరాలూ పక్కపక్కన బోర్డు మీద రాసి పీరియడంతా దాని మీదే గడిపేస్తాను, సిలబస్ వెనకబడితే పడనీ. ఎంత చేసినా ఆ అక్షరం నిలబడలేదు, జనం మామూలు స్పెల్లింగే వాడుకున్నారు.

అపోహ: మార్క్సిజం నేరుగా మాస్కో నుంచి దిగింది

రష్యా విప్లవం ఊపు ఇచ్చింది, నిజమే. మాటలు మాత్రం ఎక్కువగా టోక్యో నుంచి వచ్చాయి. సమాజం, తత్వశాస్త్రం లాంటివాటికి ఇవాళ చైనీయులు వాడే పదాలు జపాన్ పండితులు చైనా లిపిలోనే తయారుచేసి పెట్టినవి. విప్లవానికి వాడే 'గమింగ్' ఇంకా విచిత్రం: చైనా పాత గ్రంథాల్లో దానర్థం దైవం ఒక రాజవంశానికిచ్చిన అధికారాన్ని మార్చెయ్యడం, అది జపాన్ వెళ్లి కొత్త అర్థం తొడుక్కుని పుట్టింటికి తిరిగొచ్చింది.

మార్క్స్, ఎంగెల్స్ రాసిన కమ్యూనిస్టు ప్రణాళిక మొదటి అధ్యాయం 1908లో టోక్యోలో చైనా అరాచకవాదులు (రాజ్యమే అక్కర్లేదనేవాళ్లు) నడిపిన, స్త్రీ విముక్తి కోసం పెట్టిన పత్రికలో అచ్చయింది. పూర్తి అనువాదం 1920లో చెన్ వాంగ్‌దావ్ చేశాడు, అది కూడా ప్రధానంగా జపనీస్ ప్రతి నుంచే, పక్కన ఇంగ్లిష్ ప్రతి పెట్టుకుని. పనిలో మునిగిపోయి, వాళ్లమ్మ తెచ్చిన జిగురు బియ్యం ముద్దను బెల్లం పాకం అనుకుని సిరాలో ముంచుకు తిన్నాడని ఒక కథ చెప్తారు, నిజమో కాదోగానీ చైనాలో పిల్లలక్కూడా తెలుసు. నాకు మాత్రం ఇంకోటి ఇష్టం. ఆ మొదటి ముద్రణ అట్ట మీద పుస్తకం పేరులోనే రెండు అక్షరాలు తారుమారయ్యాయి! వెయ్యి కాపీలు అలాగే బయటికెళ్లాయి, మరుసటి నెల రెండో ముద్రణలో దిద్దుకున్నారు.

చిన్న చిన్నవి రెండు

ఫ్రెంచి విప్లవం ప్రభావం గురించి అడిగితే చైనా ప్రధాని చౌ ఎన్‌లై "ఇప్పుడే ఏం చెప్పగలం" అన్నాడని, చైనావాళ్లు వందల ఏళ్ల లెక్కన ఆలోచిస్తారని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది 1972, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా పర్యటన. ఆయన అనుకున్నది 1968 పారిస్ విద్యార్థుల గొడవల గురించి అని అక్కడే ఉన్న అమెరికన్ దుబాసీ 2011లో చెప్పాడు. నాలుగేళ్ల కిందటి విషయానికి ఎవరైనా అదే జవాబిస్తారు.

"వాస్తవాల నుంచి సత్యాన్ని వెతకండి" మావో తర్వాత చైనాను నడిపిన డెంగ్ సొంత మాట కాదు. 1978లో ఆయన ఎత్తుకున్నాడు, 1941లో కమ్యూనిస్టుల స్థావరం యెనాన్‌లో మావో కొత్త అర్థం చెప్పాడు, అసలు పుట్టింది మాత్రం దాదాపు 1900 ఏళ్ల కిందటి హాన్ వంశ చరిత్రలో, పాత పుస్తకాలు సేకరించే ఒక రాకుమారుణ్ని మెచ్చుకుంటూ.

అపోహ: కన్ఫ్యూషియస్ మనిషి అంటే ఛాందసుడు

అయితే కాంగ్ యూవెయ్‌ని ఏమనాలి? కన్ఫ్యూషియస్సే అసలు సంస్కర్త అని పుస్తకం రాసి, 1898లో చక్రవర్తితో నూట మూడు రోజులు సంస్కరణలు చేయించి, తల తీస్తారని దేశం విడిచి పారిపోయినవాడు. తిరిగి తిరిగి మన డార్జిలింగ్ చేరాడు. 1902 ప్రాంతంలో అక్కడ కూర్చుని దేశాలూ కులాలూ కుటుంబాలూ లేని లోకం గురించి రాశాడు. అందులో పెళ్లి అనేది నెలకు తగ్గని, ఏడాదికి మించని ఒప్పందం, ఇష్టమైతే రెన్యువల్. లోకం ఇంకా దీనికి సిద్ధంగా లేదని బతికుండగా పూర్తిగా అచ్చు వేయనివ్వలేదు. 1927లో పోయాడు, పుస్తకం మొత్తం 1935లో వచ్చింది.

కన్ఫ్యూషియస్ పరిస్థితి ఇప్పటికీ తేలలేదు. 2011 జనవరిలో తియానన్మెన్ చౌరస్తా పక్కన, నేషనల్ మ్యూజియం ముందు ఆయన కంచు విగ్రహం నిలబెట్టారు, తొమ్మిదిన్నర మీటర్లు. ఇక కన్ఫ్యూషియస్ తిరిగొచ్చాడని మేమంతా వ్యాసాలు రాయడం మొదలుపెట్టాం. ఏప్రిల్లో ఒక రాత్రి దాన్ని అక్కణ్నుంచి తీసేసి మ్యూజియం లోపలి పెరట్లో పెట్టారు.