గ్రో లైటు కొట్టుకుంటోందా? అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో మైక్రోగ్రీన్స్, లెట్యూస్, తులసి నారు పెంచే గదులకు వైరింగ్ చేయడం, ఎండకు బదులు మొక్కలకు వెలుగిచ్చే గ్రో లైట్లు బిగించడం నా పని. వచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట: "లైటు కొట్టుకుంటోందండీ, కొత్తది కొనమంటారా?" వద్దు. ముందు అది ఎలా కొట్టుకుంటోందో రెండు నిమిషాలు నిలబడి చూడండి. తప్పు లైటులో ఉందా, సప్లైలో ఉందా అనేది చాలావరకు ఆ తీరులోనే తెలిసిపోతుంది.

అపోహ: వోల్టేజీ తక్కువ, స్టెబిలైజర్ పెడితే సరి.

మన ఇళ్ల సప్లై 230 వోల్టులు, 50 హెర్ట్జ్. డ్రైవర్, అంటే సప్లై కరెంటును ఎల్‌ఈడీలకు తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా, దాని మీద అంటించిన లేబుల్ చదవండి. 100 నుంచి 277 వోల్టులు అని ఉంటే సాయంత్రం సప్లై 190కి పడిపోయినా దానికి పట్టదు, 220-240 అని మాత్రమే ఉన్న చౌక రకానికైతే ఇబ్బందే. కానీ రిలే స్టెబిలైజర్ టక్ టక్‌మని మారినప్పుడల్లా లైటు ఉలిక్కిపడుతుంది, అంటే ఉన్న జబ్బు పోకపోగా ఇంకోటి తగులుకుంటుంది.

అపోహ: లోడ్ ఎక్కువైంది.

240 వాట్ల లైటు లాగేది ఒక ఆంపియర్‌కి కాస్త అటూ ఇటూ. అదే బోర్డులో వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే నాలుగు ఆంపియర్లు దాటుతుంది, దానికి ఎవరూ కంగారుపడరు. అసలు దొంగ లూజ్ కనెక్షన్. వైర్లు చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు, వదులైన మల్టీప్లగ్, స్క్రూ సరిగా బిగించని సాకెట్, ఇవన్నీ రోజుకు 14, 16 గంటలు లైటు వెలుగుతుంటే వేడెక్కుతూ చల్లారుతూ ఇంకా వదులవుతాయి. ప్లగ్గు కదిపితే లైటు మారుతోందా, సాకెట్ దగ్గర చిటపట వినిపిస్తోందా, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిందా? అయితే మెయిన్ బోర్డులో ఆ సర్క్యూట్‌ని ఆపే స్విచ్ (ఎంసీబీ) ఆపేసి సాకెట్ మార్పించండి. ఏమీ తేలకపోతే ఆ లైటును వేరే గదిలో వేరే సర్క్యూట్ మీద పెట్టి చూడండి. అక్కడా కొట్టుకుంటే లైటుదే తప్పు, అక్కడ నిలకడగా వెలిగితే ఈ గది వైరింగ్‌దే.

అపోహ: టెస్టర్ వెలుగుతోంది, కాబట్టి కరెంటు బాగానే ఉంది.

దీనివల్ల జరిగేంత నష్టం ఇంకే అపోహ వల్లా జరగదు. టెస్టర్ చెప్పేది ఫేజు ఉందని మాత్రమే, న్యూట్రల్ సంగతి దానికి తెలియదు. న్యూట్రల్ తెగి, లైటు స్విచ్ వేసి ఉంటే న్యూట్రల్ రంధ్రంలో కూడా టెస్టర్ వెలుగుతుంది, అది చూసి "రెండిట్లోనూ కరెంటు వస్తోంది" అని మురిసిపోయేవాళ్లున్నారు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య, లైటు వెలుగుతుండగా, మల్టీమీటర్‌తో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి. అంకె ఎగిరెగిరి పడుతుంటే జాయింటు ఎక్కడో వదిలింది. ఒక్క గ్రో లైటే కాకుండా ఇంట్లో కొన్ని లైట్లు మందగించి ఇంకొన్ని మామూలుకంటే ఎక్కువ వెలుగుతుంటే ఇక చర్చ వద్దు, మెయిన్ ఆపేయండి. త్రీఫేజ్ సప్లైలో న్యూట్రల్ తెగితే 230 రావాల్సిన చోట 400 వోల్టుల దగ్గరిదాకా వెళ్లొచ్చు, లైటుతోపాటు ఫ్రిజ్, టీవీ కూడా పోతాయి. మీటరుకు అవతలి తప్పయితే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి, స్తంభం దగ్గర పని లైన్‌మన్‌దే.

అపోహ: సెల్ కెమెరాలో నల్ల గీతలు కనిపిస్తే లైటు పాడైనట్టే.

కాదు. 50 హెర్ట్జ్ సప్లై మీద నడిచే చౌక లైటు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతుంది, కంటికి తెలియదు, కెమెరా పట్టేస్తుంది. దానివల్ల ఆకులు ఎదగకుండా ఆగిపోవు, మొక్కకు కావాల్సింది రోజు మొత్తం మీద పడిన వెలుతురు. కొందరికి ఆ వెలుగులో ఎక్కువసేపు పనిచేస్తే తలనొప్పి వస్తుంది, అది వేరే సంగతి.

అపోహ: వెలిగి ఆరి వెలుగుతోందంటే ఎల్‌ఈడీలు పోయాయి.

లెక్కపెట్టినట్టు సెకనుకోసారి వెలిగి ఆరుతుంటే చాలాసార్లు అది డ్రైవర్ తనను తాను కాపాడుకోవడం. అవుట్‌పుట్‌లో షార్ట్ గానీ ఓవర్‌లోడ్ గానీ చూసి ఆపుకుంటుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. అరగంట బాగా వెలిగాక మొదలై, చల్లారాక మళ్లీ మామూలైతే వేడి సమస్య. డ్రైవర్‌లో కరెంటును నిలవ ఉంచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు వేడి 10 డిగ్రీలు పెరిగితే దాదాపు సగమవుతుంది. అందుకే డ్రైవర్‌ని లైటు నెత్తిన కాకుండా గాలి ఆడే చోట, ఫాగర్ తుంపర పడని చోట బిగించమని పోరుతుంటాను. కొత్త డ్రైవర్ కొనేటప్పుడు వాట్లు చూస్తే చాలదు, అవుట్‌పుట్ మిల్లీఆంపియర్లు, వోల్టేజీ పరిధి రెండూ పాతదానితో కలవాలి. సరదాగా డ్రైవర్ విప్పొద్దు, ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు.

అపోహ: ఫ్యాన్ రెగ్యులేటర్‌తో వెలుగు తగ్గించుకోవచ్చు.

లేదు. కొట్టుకోవడం మొదలయ్యేదే అక్కడ. వెలుగు తగ్గించడానికి విడిగా డిమ్మింగ్ వైర్లున్న డ్రైవర్ కొనండి.

అపోహ: స్విచ్ ఆపినా సన్నగా మిణుకుతోంది, డ్రైవర్ లీకవుతోంది.

స్విచ్‌ని ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో పెట్టి ఉంటారు, లేదా స్విచ్‌లోని ఇండికేటర్ దీపం గుండా కొద్దిపాటి కరెంటు పోతుంటుంది. మొదటిదైతే స్విచ్ ఆపినా లైటులో ఫేజు ఉన్నట్టే, ముట్టుకోకండి, సరిచేయించండి. లెట్యూస్‌కి ఆ మిణుకుతో పెద్ద తేడా ఉండదు. చామంతి పెంచేవాళ్లు మాత్రం రాత్రిని చీకటిగానే ఉంచాలి, పూత వాయిదా వేయడానికి రైతులు తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగించేది ఊరికే కాదు.

అపోహ: ఫ్రేము ముట్టుకుంటే జివ్వుమంటుంది, ఎల్‌ఈడీ అన్నాక మామూలే.

మామూలు కాదు, ఎర్తింగ్ లేదు. డ్రైవర్‌లోని ఫిల్టర్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్‌కి పోవాలి, దారి లేక ఫ్రేములోనే ఉండిపోతుంది. నీళ్లు, తడి చేతులు, ఇనుప ర్యాకు ఉన్న గదిలో మూడో పిన్ను విరిచి టూ పిన్ సాకెట్లో గుచ్చేవాళ్లని చూస్తే నాకు టెన్షనే. ఎర్తింగ్ వేయించండి, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. అది పడిపోతుంటే బైపాస్ చేయకండి. లైట్లన్నీ ప్లగ్గులు తీసి, ఒక్కొక్కటే తిరిగి పెట్టుకుంటూ రండి, ఏది పెట్టగానే పడిందో దాని డ్రైవర్‌లోకో కేబుల్‌లోకో తేమ దిగి ఉంటుంది, ముందు దాన్ని చూపించండి.