ఉప ఎన్నికకు ఆరు నెలల గడువు: ఎలా వచ్చింది, ఎక్కడ జారిపోతోంది

ఎమ్మెల్యే చనిపోయినా, రాజీనామా చేసినా ఆరు నెలల్లో ఉప ఎన్నిక వస్తుందని ఇప్పుడు ఎవరినడిగినా చెబుతారు. మొదట్నుంచీ ఉన్న నియమం కాదిది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఖాళీ అయిన సీటుకు ఎన్నిక జరపాలంది గానీ, ఎన్నాళ్లలోగా అన్నది చెప్పలేదు. 1996 సవరణతో 151ఎ సెక్షన్ చేరాకే గడువు వచ్చింది.

ఒకరు రెండుకు మించి స్థానాల్లో పోటీ చేయరాదన్నదీ ఆ సవరణే. 1985లో ఎన్టీ రామారావు గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడుచోట్లా గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. మిగతా రెండుచోట్లా ఓటర్లు మళ్లీ క్యూ కట్టాల్సి వచ్చింది. ఇప్పుడైనా రెండు స్థానాల్లో పోటీకి వీలు ఎందుకు? ఒక్క స్థానమే చాలని 2015లో లా కమిషన్ కూడా సిఫారసు చేసింది.

ఆరు నెలల నియమానికి రెండు మినహాయింపులున్నాయి. ఎన్నిక జరపడం కష్టమని ఎన్నికల సంఘం కేంద్రంతో సంప్రదించి ధ్రువీకరిస్తే గడువు వర్తించదు. బద్వేలు ఎమ్మెల్యే 2021 మార్చి 28న మరణిస్తే, కరోనా వల్ల అక్టోబరు 30న గానీ పోలింగ్ జరగలేదు. అది అర్థం చేసుకోదగ్గదే.

నన్ను బాధపెట్టేది రెండోది: సభ్యుడి పదవీకాలం ఏడాదిలోపే మిగిలి ఉంటే ఉప ఎన్నిక అక్కర్లేదు. ప్రత్యేక హోదా కోసం వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు ఐదుగురు 2018 ఏప్రిల్ 6న రాజీనామా పత్రాలిచ్చారు. అవి ఆమోదం పొందింది జూన్ 20న. లోక్‌సభ గడువు 2019 జూన్ 3తో ముగుస్తుంది. అంటే ఏడాదికి పదిహేడు రోజులు తక్కువ! కడప, రాజంపేట, నెల్లూరు, తిరుపతి, ఒంగోలు ఓటర్లకు సాధారణ ఎన్నికల దాకా ఎంపీ లేకుండా పోయారు. అదే ఏడాది మే నెలలో ఖాళీ అయిన బళ్లారి, శివమొగ్గ, మండ్య స్థానాలకు మాత్రం నవంబరులో పోలింగ్ జరిగింది.

తప్పు లెక్కలో లేదు. ఖాళీ ఏర్పడేది సభ్యుడు లేఖ ఇచ్చిన రోజున కాదు, స్పీకర్ ఆమోదించిన రోజున. బెదిరించి రాజీనామాలు రాయించుకోకుండా 1974లో రాజ్యాంగ 33వ సవరణ స్పీకర్‌కు విచారించే అధికారమిచ్చింది. మంచిదే. కానీ ఆ విచారణ ఎన్నాళ్లలో ముగించాలన్నది అందులో రాయలేదు.