గోడ పక్కన తోట: అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో తోటలు వేయడం నా పని. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ల ఇళ్లు చాలానే చేశాను. ముప్పై బై నలభై అడుగుల సైటులో ఇల్లు పోగా మిగిలే మూడడుగుల సందులోనే తులసి, మల్లె, కరివేపాకు అన్నీ కావాలంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

అపోహ: గోడ వారగా మట్టి ఎత్తుగా పోస్తే మొక్కకూ మంచిది, గోడకూ బలం.

ఈ తప్పు నేనే చేశాను, పనిలోకి వచ్చిన కొత్తలో. నేలలోని తడి గోడలోకి ఎగబాకకుండా ప్లింత్ (ఇల్లు లేచే పీఠం) దగ్గర డీపీసీ అనే పొర వేస్తారు. నేను పోసిన మట్టి ఆ పొరను దాటి పైకి వచ్చేసింది. రెండు వానాకాలాలకే హాల్లో పెయింట్ ఉబ్బి, తెల్లగా ఉప్పు పూసింది. పాపం, ఆ ఇంటావిడ పెయింటర్‌ను తిట్టి ఇంకొకరిని పెట్టుకున్నారు. అసలు దొంగ బయట ఉన్నాడని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ పొర కంటే కనీసం ఆరంగుళాలు కిందే మట్టి ఆపుతాను. గోడ నుంచి బయటికి అడుగుకు అర అంగుళం పైచిలుకు వాలు ఇస్తాను.

అపోహ: కట్టేటప్పుడే చెదల మందు కొట్టించాం, ఇక భయం లేదు.

మందు ఉన్నది గోడలో కాదు, పునాది చుట్టూ ఉన్న మట్టిలో. మొక్కల కోసం గోడ పక్కన గుంత తవ్వామంటే మందు పట్టిన ఆ మట్టినే ఎత్తి అవతల పారేస్తున్నాం. కంచెకు మనమే కంత పెట్టినట్టు. దానికి తోడు తేమ నిలవాలని కొబ్బరి పీచు, చెక్క పొట్టు గోడకు ఆనించి పరుస్తారు. చెదలకు (ఇక్కడివాళ్లు గెద్దలు అంటారు) కావలసినవి చీకటి, తడి, చెక్క. మూడూ ఒకేచోట దొరుకుతాయి. అందుకే గోడ పక్కన అడుగున్నర మేర కంకర మాత్రమే వేయండి. నెలకోసారి వంగి చూడండి. గోడ మీద పెన్సిలంత లావు మట్టి గొట్టం కనిపిస్తే కొంచెం విరిచి ఉంచండి. నాలుగు రోజుల్లో మళ్లీ కట్టుకుంటే చెదలు లోపల పనిలో ఉన్నట్టే. అలా కట్టలేదని మాత్రం ధైర్యపడకండి, అవి వేరే దారి పట్టి ఉండొచ్చు.

అపోహ: చుట్టూ సిమెంట్ పోసేస్తే టెన్షన్ ఉండదు.

గోడకూ సిమెంటుకూ మధ్య సన్నటి చీలిక వస్తుంది. నీళ్లకు, చెదలకు అది చాలు, పైగా కంటికి కనబడదు. పోస్తే వాలుగా పోయించి, ఆ చీలికను సీలెంట్‌తో పూడ్పించండి. ఏసీ నీళ్ల పైపు కూడా అక్కడే వదలకండి.

అపోహ: చెట్టంటేనే పునాదికి చేటు.

అన్నీ కాదు. రావి, మర్రి, జువ్వి మాత్రం చిన్న సైటులో వద్దు. గోడ పగులులో వాటి మొలక కనిపిస్తే ఆ రోజే పీకేయాలి. మూడడుగుల సందులో కరివేపాకును కుండీలో పెంచుకోండి, కింద రెండు ఇటుకలు పెట్టి.

నేను పాడుచేసిన గోడ తర్వాత నా ఖర్చుతోనే బాగుచేయించాను. ఆవిడ మాత్రం మల్లెతీగను ఆ గోడకే పాకించమని ఇప్పటికీ అడుగుతుంటారు.